.22 సెమీ ఆటో: ఖాళీ గుల్ల బయటికి రాదు, కొత్త గుండు లోపలికి పోదు

డెంటన్ శ్రీను:
అందరికీ నమస్తే. మేముండేది టెక్సస్, డెంటన్ దగ్గర. మూడేళ్ల కిందట ఒక సెమీ ఆటో .22 రైఫిల్ కొన్నాను, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనే గుల్ల విసిరి కొత్త గుండు ఎక్కించుకునేది, పది గుండ్లు పట్టే రోటరీ మ్యాగజైన్ (గుండ్లని గుండ్రంగా పేర్చుకునే పెట్టె) రకం. బ్రాండ్ కావాలనే రాయట్లేదు, రాస్తే ప్రశ్న పక్కకి పోయి కంపెనీల గొడవ మొదలవుతుంది. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఈ వేసవి నుంచి మాత్రం విసిగిస్తోంది. మొన్న శనివారం రేంజ్‌లో 100 గుండ్లు కాలిస్తే 17 సార్లు ఆగింది. ఈ లెక్క నాది కాదు, మావాడిది. వాడికి 14 ఏళ్లు, పక్కన కూర్చుని ఎన్నో గుండు దగ్గర ఆగిందో ప్రతిసారీ కాగితం మీద రాస్తూనే ఉన్నాడు, నవ్వుతూ మరీ.

కొన్నిసార్లు పేలిన గుండు ఖాళీ గుల్ల, అది బయటికి పోవాల్సిన కిటికీలోనే నిలువుగా ఇరుక్కుంటుంది. కొన్నిసార్లు కొత్త గుండు ముక్కు చాంబర్ (బ్యారెల్ వెనక గుండు కూర్చునే గది) కింద గుద్దుకుని ఆగిపోతుంది. వాడేది బల్క్ డబ్బా, 36 గ్రెయిన్ (సీసం బరువు) హాలో పాయింట్ (ముక్కు బోలుగా ఉండేది). వెళ్లొచ్చిన ప్రతిసారీ బ్యారెల్లో బోర్ స్నేక్ (తుడిచే తాడు) లాగుతాను, వెళ్లేముందు బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే ఇనుప ముక్క) మీద నాలుగు చుక్కలు ఆయిల్ వేస్తాను. కొత్త ఎక్స్‌ట్రాక్టర్ (గుల్లని పట్టి లాగే కొక్కెం), కొత్త రీకాయిల్ స్ప్రింగ్ (బోల్ట్‌ని తిరిగి ముందుకి తోసేది), ఇంకేవో కలిపి 60 డాలర్ల సామాను కార్ట్‌లో పెట్టుకుని కూర్చున్నా. కొనేయమంటారా?

పాత ఇనుము:
కొనకండి శ్రీనుగారూ, ముందు ఆ కార్ట్ ట్యాబ్ మూసేయండి. మీ దగ్గర 60 డాలర్ల కన్నా విలువైన సరుకు ఉంది, మీవాడు రాసిన కాగితం.

మీరు ‘ఆగింది’ అని ఒకే మాటలో చెప్పేశారు గానీ అందులో వేరు వేరు జబ్బులున్నాయి. గుల్ల చాంబర్‌లోనే ఉండిపోతే అది లాగడంలో లోపం, అంటే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెమో, చాంబర్ మురికో. గుల్ల బయటిదాకా వచ్చి కిటికీలో పొయ్యి గొట్టంలా నిలబడితే, స్టవ్ పైప్ అంటారే అది, లాగడం అయింది గానీ విసరడం కాలేదు. ఎక్కువసార్లు బోల్ట్ వెనక్కి పూర్తిగా పోలేదని అర్థం. ఒక్కోసారి కొక్కెం పట్టు వదులై, బయటికి విసిరే ఎజెక్టర్‌కి తగిలేలోపే గుల్ల జారిపోయినా ఇలాగే నిలబడుతుంది. కొత్త గుండు ముక్కు గుద్దుకుంటే నేను ముందు మ్యాగజైన్‌నే అనుమానిస్తాను. మూడింటికీ మందు ఒకటి కాదు.

బోల్ట్ ఎందుకు వెనక్కి పోదంటే, ఈ .22 సెమీ ఆటోల్లో సాధారణంగా బోల్ట్‌కి తాళం లాంటిది ఏమీ ఉండదు. గుండు పేలిన ఒత్తిడికి గుల్లే వెనక్కి వచ్చి బోల్ట్‌ని తోస్తుంది, అంతే, బ్లోబ్యాక్ అంటారు. బోల్ట్ బరువు, స్ప్రింగ్ బలం, గుండులో ఉన్న బలం, ఈ మూడింటి మధ్య చాలా సన్నని బేరం అది. .22 లాంగ్ రైఫిల్ 1887లో పుట్టినప్పటి నుంచీ సీసం గుండు బయటికి ఉండే తీరే, దాని మీద మైనమో జిడ్డో పూత. కాల్చిన ప్రతిసారీ ఆ మైనం, సీసం, మసి అన్నీ కలిసి యాక్షన్‌లోకి, అంటే బోల్ట్ కదిలే భాగంలోకి ఎగజిమ్ముతాయి. దాని మీద మీరు నాలుగు చుక్కల ఆయిల్ పోస్తున్నారు. అది ఆయిల్ కాదు సార్, తిరగమోత. మసి అంతా అందులో కలిసి ముద్దవుతుంది. బోర్ స్నేక్ బ్యారెల్‌ని శుభ్రం చేస్తుంది గానీ బోల్ట్ ముఖం, కొక్కెం కింద గాడి అలాగే ఉండిపోతాయి, అసలు మురికి ఉండేది అక్కడే.

ఇవి చెప్పండి: బోల్ట్ ఎప్పుడైనా విప్పారా? మ్యాగజైన్లు ఎన్ని? ఆగినప్పుడు అది ఎన్నో గుండు?

మోహన్ కేటీ:
హ్యూస్టన్ వైపు నుంచి. నాదీ ఇదే కథ. నేనైతే ముందు గుండు మార్చి చూస్తాను. స్టాండర్డ్ వెలాసిటీ 40 గ్రెయిన్ సెకనుకి 1070 అడుగుల దగ్గర ఉంటుంది, కొన్ని తుపాకులకి అది చాలదు. సీసీఐ మినీ మ్యాగ్ 40 గ్రెయిన్ రౌండ్ నోస్, 1235 అడుగులు, ఒక 100 కొని పక్కన పెట్టుకోండి. రోజూ కాల్చడానికి కాదు, కొలబద్దలాగా. దాంతో కూడా ఆగుతుంటే లోపం తుపాకీలోనో మ్యాగజైన్‌లోనో ఉంది. 710 అడుగుల క్వైట్ రకాలు మాత్రం కొనొద్దు, అవి బోల్ట్‌ని తొయ్యడానికి చేసినవి కావు, ప్రతిసారీ చేత్తో లాగాల్సి వస్తుంది.

ఇంకోటి, మొదటి గుండు ఎక్కించేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ముందుకి తీసుకెళ్తుంటారు కొందరు, తుపాకీకి దెబ్బ తగులుతుందేమోనని. అలా చేస్తే గుండు సగంలో ఆగుతుంది. పూర్తిగా వెనక్కి లాగి వదిలేయాలి.

గుంటూరు క్యాడెట్:
నేను సెమీ ఆటో ఎప్పుడూ కాల్చలేదు, చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో .22 డీలక్స్‌తో కాల్చినదాన్ని, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతిసారీ బోల్ట్ చేత్తో లాగేది. నా సొద ఎందుకంటే, అందులో గుల్ల పట్టేస్తే చేతికి తెలిసిపోయేది, బోల్ట్ బిగుసుకునేది, మా హవల్దార్ గారు వెంటనే ‘చాంబర్ తుడవలేదా’ అని అరిచేవారు. మీ సెమీ ఆటోలో ఆ పని గ్యాస్ చేస్తుంది కాబట్టి మీకు ఆ బిగువు తెలియదు, ఒక్కసారే ఆగిపోతుంది. రేంజ్‌లోనే, తుపాకీ నోరు టార్గెట్ వైపు పెట్టి, కాల్చిన గుల్ల ఒకటి చాంబర్‌లో ఉండగా బోల్ట్‌ని చేత్తో నెమ్మదిగా లాగి చూడండి, ఎక్కడ పట్టేస్తుందో వేళ్లకి తెలుస్తుంది. ఇంట్లో పరీక్ష చెయ్యాలంటే మాత్రం ప్లాస్టిక్ డమ్మీలు ఉంటాయట, వాటితో చెయ్యండి, లైవ్ గుండ్లు ఆ గదిలోనే ఉండకూడదు.

డెంటన్ శ్రీను:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా అక్కకి. ఇనుము అన్నా, నిజం చెప్పాలంటే బోల్ట్ ఒక్కసారి కూడా విప్పలేదు. మ్యాగజైన్లు రెండు. కాగితం మళ్లీ తీసి చూశాం. 17లో 11 గుల్ల నిలబడ్డవి, 6 ముక్కు గుద్దుకున్నవి. గుల్ల నిలబడ్డవి ఎక్కడంటే అక్కడ ఉన్నాయి, రెండోదీ ఉంది ఏడోదీ ఉంది. ముక్కు గుద్దుకున్న ఆరూ మాత్రం 8, 9, 10 గుండ్ల దగ్గరే! ఇది ముందు చూడలేదు.

పాత ఇనుము:
మీవాడికి పిజ్జా కొనిపెట్టండి. చివరి గుండ్ల దగ్గరే ఆగుతుందంటే మ్యాగజైన్ స్ప్రింగ్ సత్తువ చాలట్లేదు, నిండుగా ఉన్నప్పుడు బాగా తోస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ నీరసపడుతుంది. రెండింటికీ గుర్తులు పెట్టి విడివిడిగా లెక్క రాయండి. ఒకసారి ఒక్కటే మార్చండి, గుండూ మ్యాగజైనూ శుభ్రం అన్నీ ఒకే రోజు మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. అడగడం మరిచా, ఆ మ్యాగజైన్ ఎప్పుడైనా విప్పారా?

బోల్ట్ విషయం: తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మీ మాన్యువల్ ప్రకారం విప్పండి. చాంబర్‌కి .22 చాంబర్ బ్రష్ విడిగా దొరుకుతుంది, దాన్ని నాలుగుసార్లు తిప్పండి. కొక్కెం కింద చెక్క టూత్‌పిక్ పెట్టి గీకండి, ఇనుప సూదులు వద్దు. అన్నీ పొడిగా తుడిచి, బోల్ట్ రాసుకునే చోట వేలితో అద్దినంత ఆయిల్, చాలు. అంతా సీసం మురికే, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, భోజనాల బల్ల మీద మాత్రం పెట్టుకోకండి.

చాంబర్ నోటి అంచు మీద లైటు వేసి చూడండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే అలవాటుంటే కొన్ని .22ల్లో ఫైరింగ్ పిన్ (గుండుని పేల్చే సూది) ఆ అంచుని గుద్ది గాటు పెడుతుంది, గుల్ల దానికి పట్టుకుంటుంది. గాటు కనిపిస్తే ఆకురాయి పెట్టి మీరు రుద్దకండి, గన్‌స్మిత్‌కి (తుపాకీలు బాగుచేసేవాడికి) ఇవ్వండి.

ఇది మాత్రం జోక్ కాదు: ‘ఢమ్’ అనాల్సింది ‘తుస్’ అంటే ఆగిపోండి. గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పోతుంది, మీ కళ్లూ పోవచ్చు. అసలు పేలకపోతే నోరు టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి అప్పుడు బోల్ట్ లాగండి.

మోహన్ కేటీ:
స్కోప్ ఉందా? నాది మరీ కిందికి బిగించాను, గుల్లలు దానికి తగిలి మళ్లీ కిటికీలోకే దూకేవి. నాలుగు నెలలు గుండ్లని తిట్టుకున్నా. కొత్త స్టాక్ (తుపాకీ పట్టుకునే పిడి) వేసుంటే బోల్ట్ హ్యాండిల్ దానికి రాసుకుంటోందేమో కూడా చూడండి, అక్కడ మెరుపు గీత కనిపిస్తుంది.

డెంటన్ శ్రీను:
రెండు వారాల తర్వాత వస్తున్నా, సారీ. స్కోప్ పైకే ఉంది, స్టాకు పాతదే, చాంబర్ అంచు మీద గాటు లేదు.

మొదట గుండు ఒక్కటే మార్చాం, మినీ మ్యాగ్, తుపాకీ మురికిగానే ఉంచి. మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఒక మ్యాగజైన్ మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు చుక్కలు. 100లో గుల్ల నిలబడింది 4, ముక్కు గుద్దుకుంది 5. ఆ అయిదూ రెండు చుక్కలదే.

తర్వాత బోల్ట్ విప్పాం. కొక్కెం కింద నల్లటి ముద్ద, టూత్‌పిక్‌తో తీస్తే పాత తారులా పెచ్చుగా ఊడింది, లోపల ఇత్తడి రజను ముక్క ఒకటి. ఆ ముక్క ఉన్నన్నాళ్లూ కొక్కెం పూర్తిగా మూసుకోలేదన్నమాట. దాన్ని మావాడు ఫోటో తీసి వాళ్ల తాతకి వాట్సాప్ చేశాడు, ఆయన పంటి డాక్టరు దగ్గర తీసిన ఎక్స్‌రే అనుకుని కంగారుపడి ఫోన్ చేశారు.

అన్నా, మ్యాగజైన్ సంగతి మీరడిగితే గుర్తొచ్చింది. కిందటి దీపావళికి రెండు చుక్కలది విప్పి శుభ్రం చేశాను, బిగించేటప్పుడు స్ప్రింగ్‌కి బిగువిచ్చే ముందున్న నట్టుని సరిపడా తిప్పకుండానే స్క్రూ బిగించేశాను. వీడియో చూసి మళ్లీ తిప్పి బిగించాను. తర్వాత మినీ మ్యాగ్ 100కి ఒక్కసారి ఆగింది. అదే రోజు పాత బల్క్ డబ్బాతో ఇంకో 100, మూడుసార్లు, మూడూ గుల్ల నిలబడ్డవే. అంటే ఆ గుండూ కొంచెం బలహీనమేనేమో.

ఎక్స్‌ట్రాక్టర్ కొనలేదు. బల్క్ డబ్బాలో ఇంకా 320 ఉన్నాయి, బోల్ట్ యాక్షన్ ఉన్న ఆఫీసు మిత్రుడికి ఇచ్చేస్తున్నా. పిజ్జా మాత్రం రెండుసార్లు అయింది.