ఎడమ చేతి నాళానికి బెలూన్: వైజాగ్‌లో చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

గాజువాక అబ్బాయి
అమ్మకి అరవై దాటాయి. షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఎడమ చెయ్యి పీకేస్తోంది, అయినా ఆపకుండా చేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఒకచోట మెడ ఎముకలు అరిగాయని కాలర్ పెట్టి పంపారు. వేరేచోట ఓ కుర్ర డాక్టరు రెండు చేతులకీ బీపీ చూశాడు. కుడి చేతికి పై అంకె 160, ఎడమ చేతికి 110. డాప్లర్ స్కాన్, ఆ తర్వాత సీటీ యాంజియో తీస్తే చేతికి రక్తం తీసుకెళ్లే ఎడమ సబ్‌క్లేవియన్ ఆర్టరీ మొదట్లోనే బాగా సన్నబడిందని తేలింది. అక్కడ చిన్న బెలూన్ ఉబ్బించి వెడల్పు చేసి, మళ్లీ మూసుకుపోకుండా స్టెంట్ అనే జాలీ గొట్టం పెడదాం అంటున్నారు. మెదడుకి వెళ్లే నాళం కూడా దానిలోంచే చీలుతుందట, అందుకే ఇంట్లో అందరికీ టెన్షన్. నాన్న అయితే "గుండెకి వేస్తారని విన్నాం గానీ చేతికి బెలూన్ ఏంట్రా" అని ఒకటే గొడవ. పక్షవాతం భయం ఉందా? గజ్జ దగ్గర్నుంచి చేస్తారా, చేతి నుంచా? ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద అవుతుందా?

ఎంవీపీ మూర్తి
బాబూ, నాకు సరిగ్గా ఇదే నాళానికి చేశారు. సిగరెట్ పుణ్యం. మీ నాన్నగారికి చెప్పండి, అసలీ పద్ధతి మొదలైందే గుండెతో కాదు, కాలితో. 1964లో అమెరికాలో చార్లెస్ డాటర్ అనే డాక్టర్ గొట్టాలు దూర్చి ఒకావిడ కాలి నాళాన్ని వెడల్పు చేశారు. గుండెకి బెలూన్ 1977లో, జూరిక్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్ వేశారు. సబ్‌క్లేవియన్‌కి 1980 నుంచే వేస్తున్నారు. కొత్త ప్రయోగమేమీ కాదు.

నాకు గజ్జ దగ్గర్నుంచి వెళ్లారు. మత్తు అక్కడి వరకే, మనిషి మెలకువగానే ఉంటాడు. నాళాలు స్కాన్‌లో కనపడటానికి డై ఎక్కించినప్పుడు ఒళ్లంతా వేడి కమ్ముతుంది. బెలూన్ ఉబ్బినప్పుడు భుజం దగ్గర గట్టిగా పట్టేసినట్టుంటుంది, దించగానే పోతుంది. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కంటే తర్వాత కాలు కదపకుండా గంటల తరబడి పడుకోవడమే నరకం. నడుం నొప్పి ఉంటే ముందే చెప్పండి.

క్యాత్‌ల్యాబ్ సిస్టర్
మెదడు సంగతి అడిగారు కదా. చేతికి వెళ్లే ఆ పెద్ద నాళం లోంచే వెర్టిబ్రల్ అనే నాళం మెడ వెనకగా మెదడుకి వెళ్తుంది. ఆ చీలిక కంటే ముందే పూడిక వస్తే చేతికి రక్తం చాలదు. అప్పుడు పక్కింటివాళ్లు మోటారు పెట్టి మన పైపులో నీళ్లు లాగేసుకున్నట్టు, చెయ్యి మెదడు వైపు నుంచి వెర్టిబ్రల్ ద్వారా రక్తాన్ని వెనక్కి లాక్కుంటుంది. చేత్తో పని చేస్తేనే కళ్లు తిరగడానికి కారణం అదే. దీన్నే సబ్‌క్లేవియన్ స్టీల్ అంటారు.

ఇందులో ఒక మేలు కూడా ఉంది. బెలూన్‌తో దారి తెరిచిన వెంటనే ఆ వెనక్కి పారే రక్తం మళ్లిపోదు, సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా పడుతుంది. ఈలోపు పూడిక ముక్క ఏదైనా ఊడినా మెదడు వైపు కాకుండా ఎక్కువగా చేతి వైపే పోతుంది. అందుకే ఎడమ వైపు చేసేటప్పుడు పక్షవాతం వచ్చేవాళ్లు తక్కువ. అసలు రాదని మాత్రం ఎవరూ రాసివ్వరు. కుడి వైపు పెద్ద నాళమైతే అందులోంచే మెదడుకి వెళ్లే కెరోటిడ్ కూడా చీలుతుంది కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ. డాక్టర్‌ని అడగాల్సింది ఒకటే: స్టెంట్ వెర్టిబ్రల్ మొదలుకి ఎంత దూరంలో ఆగుతుంది?

అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ చూపించండి, డై కిడ్నీల మీద పడుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలెట్టాలో వాళ్లనే అడగండి.

సింహాచలం గోపాల్
ఏటండీ ఇదంతా? మా వీధిలో ఒకాయన వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తాగి బ్లాకులు కరిగించుకున్నాడు. తొందరపడి స్టెంట్లు వేయించుకోకండి.

ఎంవీపీ మూర్తి
గోపాల్ గారూ, ఆయనకి ముందూ వెనకా స్కాన్ తీశారా? తొందర వద్దన్న మాట వరకు మీదే కరెక్టు. నాళం సన్నబడినా ఏ బాధా లేకపోతే చాలామందికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ ఇచ్చి వదిలేస్తారు. ఈ అబ్బాయి వాళ్లమ్మగారికి కళ్లు తిరుగుతున్నాయి కదా, అక్కడే తేడా.

పెందుర్తి పావని
అన్నయ్యా, మీ అమ్మగారి వయసుకి ఇది వర్తించకపోవచ్చు, కానీ చదివే ఆడపిల్లల కోసం రాస్తున్నా. నాకు ముప్ఫై కూడా రాలేదు. ఎడమ మణికట్టు దగ్గర నాడి దొరక్కపోతే "సన్నగా ఉన్నావు కదమ్మా" అనేవాళ్లు. అది కొలెస్ట్రాల్ పూడిక కాదు, టకాయాసు అనే జబ్బు. నాళం గోడలే వాచిపోతాయి. 1908లో దీని గురించి మొదట చెప్పిన జపాన్ కంటి డాక్టర్ పేరే దీనికి పెట్టారు. మన దేశంలో వయసులో ఉన్న ఆడవాళ్లలో నాళాలు మూసుకుపోతే దీన్ని అనుమానించాల్సిందే.

నా డాక్టర్ వెంటనే బెలూన్ వేయనన్నారు. వాపు ఉండగా వేస్తే మళ్లీ మూసుకుపోతుందట. వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ దిగేదాకా స్టెరాయిడ్లు వాడాకే చేశారు. మొహం గుమ్మడికాయలా అయింది, పెళ్లి సంబంధాల గోల వేరే. అయినా ఇప్పుడు జడ వేసుకుంటే చెయ్యి లాగడం లేదు.

ఉక్కునగరం మావయ్య
బైపాస్ అయినవాళ్లకి ఒక మాట. ఛాతీ లోపలి ఎడమ నాళాన్ని గుండెకి కలుపుతారే, అది పుట్టేది కూడా ఈ సబ్‌క్లేవియన్ లోంచే. మొదట్లో పూడిక వస్తే చెయ్యి గుండె దగ్గర కూడా రక్తం దొంగిలిస్తుంది. ఎడమ చేత్తో బరువెత్తితే ఛాతీ నొప్పి వచ్చినవాళ్లు ఈ సంగతి కార్డియాలజిస్టుకి చెప్పండి. డయాలిసిస్ కోసం నాళాలు కలిపిన చోటు, అంటే ఫిస్టులా, ఉన్న చెయ్యికీ ఇదే లెక్క.

కార్డు గురించి: అడ్మిట్ అయ్యాక కాదు, ముందే సీటీ రిపోర్టు పట్టుకుని ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో ఈ ప్రొసీజర్‌కి అప్రూవల్ పెట్టగలరా అని అడగండి. కేజీహెచ్‌లో కూడా ఓసారి చూపించండి, రెండో అభిప్రాయం ఊరికే పోదు.

గాజువాక అబ్బాయి
అందరికీ థాంక్స్ అండి. వెర్టిబ్రల్ సంగతి అడిగాను, బాగా దూరంలోనే ఆగుతుందన్నారు. అప్రూవల్ కోసం కాగితాలు ఇచ్చాం. నాన్న కూడా మెత్తబడ్డారు, డాటర్ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. ఇంకొక్క డౌట్. ఇంట్లో బీపీ ఏ చేతికి చూడాలి?

క్యాత్‌ల్యాబ్ సిస్టర్
ఎక్కువ వచ్చిన చేతికి. అదే అసలు బీపీ. ఎడమ చేతి అంకె చూసి బాగుందనుకుని మాత్రలు తగ్గించేశారో, ప్రమాదం. స్టెంట్ పడ్డాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం ఎవరు చెప్పినా సొంతంగా మానకండి, పన్ను పీకించుకోవాల్సి వచ్చినా సరే ముందు ఫోన్ చేయండి. తర్వాత చెకప్‌లో రెండు చేతులకీ చూస్తారు, తేడా మళ్లీ పెరిగితే నాళం సన్నబడుతోందేమోనని డాప్లర్ తీస్తారు.

సింహాచలం గోపాల్
సరే, మా ఆవిడకి ఇప్పుడే రెండు చేతులకీ చూశాను. 134, 128 వచ్చాయి.

క్యాత్‌ల్యాబ్ సిస్టర్
పది లోపు తేడా మామూలే గోపాల్ గారూ. పదిహేను, ఇరవై దాటి, ప్రతిసారీ అలాగే వస్తుంటే అప్పుడు చూపించండి.