హైదరాబాద్‌లో బగ్గీలు నిషేధిస్తే ఆ గుర్రాలు ఎక్కడికి పోతాయి?

ప్రశ్న: నల్లగొండ ఆడబిడ్డ

మాది నల్లగొండ. ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. పెళ్లి బరాత్‌లకు కట్టే గుర్రపు బగ్గీలనూ, సాయంత్రాలు రోడ్ల పక్కన పిల్లలను ఎక్కించుకొని తిరిగే గుర్రపు సవారీలనూ నగరంలో పూర్తిగా నిషేధించాలని కోరుతూ ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వాలని మా కార్యాలయంలో కొందరం అనుకుంటున్నాము. ముంబయిలో విక్టోరియా బగ్గీలు ఆగిపోయినప్పుడు హైదరాబాద్‌లో ఎందుకు ఆగకూడదన్నది మా వాదన.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు ఈ మాట ఇంట్లో చెప్పగా, మా మేనమామ ఒక ప్రశ్న వేశారు. మన వైపు ఫంక్షన్ హాళ్ల ముందు కనిపించే బగ్గీ గుర్రాల్లో కొన్ని నగరంలో కొన్నేళ్లు పనిచేసి, సత్తువ తగ్గిన తరువాత చౌకగా అమ్ముడుపోయినవేనట. నగరంలో నిషేధం వస్తే మిగిలినవి కూడా నార్కట్‌పల్లి దాటి ఇటే వస్తాయి కదా, మీ వాకిలి ఊడ్చుకొని చెత్త మా వాకిట్లో పోస్తారా అని ఆయన అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నిషేధం కోరడానికి చట్టంలో గట్టి ఆధారం ఏమిటో, గుర్రాలు చిన్న పట్టణాలకు తరలిపోకుండా వినతిపత్రంలో ఏం రాయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: పాలమూరు న్యాయవాది

ముంబయి తీర్పును ఆధారం చేసుకోవడం సరైనదే గానీ, అది ఏం చెప్పిందో చదివి వాడుకోవాలి. 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు, కేవలం మనుషుల వినోదం కోసం నగరంలో గుర్రపు బగ్గీలు నడపడం చట్టవిరుద్ధమని ప్రకటించి, ఏడాదిలోగా వాటిని ఆపాలనీ, వాటి మీద ఆధారపడిన కుటుంబాలకు పునరావాస పథకం తయారుచేయాలనీ ప్రభుత్వాన్ని ఆదేశించింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంతో పాటు, నగరపాలక సంస్థ లైసెన్సు లేకుండా నడుస్తున్న గుర్రపుశాలల సంగతిని కూడా కోర్టు పట్టించుకుంది. ఈ రెండో అంశాన్ని ప్రచారం చేసేవారు తరచుగా వదిలేస్తారు. నన్నడిగితే అధికారులను కదిలించేది అదే. తెలంగాణ హైకోర్టు ఆ తీర్పును పాటించి తీరాలనేమీ లేదు, అయినా వాదనలో దానికి బరువు ఉంటుంది. 2014లో జల్లికట్టును నిషేధిస్తూ సుప్రీంకోర్టు చెప్పిన మాటలను కూడా మీరు ఉటంకిస్తారేమో. అలాగైతే, ఆ ఆటను అనుమతిస్తూ రాష్ట్రాలు తరువాత చేసుకున్న సవరణ చట్టాలను 2023లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించిందన్న సంగతి దాచకండి. ఎదుటి పక్షం ఎలాగూ బయటపెడుతుంది.

నిషేధం వచ్చేలోపు చేతిలో ఉన్న ఆయుధం 1965 నాటి నియమాలు. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం కేంద్రం చేసిన ఈ నియమాల ప్రకారం బండిలో తోలేవారూ ఆరేళ్లలోపు పిల్లలూ కాక నలుగురికి మించి ఎక్కకూడదు. పశువుతో రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఏకధాటిగా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు పనిలో పెట్టకూడదు. ముళ్లున్న కళ్లెం వాడకూడదు. ఇంత రాసిన చట్టమే మొదటి నేరానికి వేసే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. బగ్గీ అద్దెలో అది ఏ మూలకు?

జవాబు 2: విశ్రాంత పశువైద్యుడు, దేవరకొండ

న్యాయవాది గారు చెప్పిన 37 డిగ్రీల నియమం మధ్యాహ్నానికే పరిమితం. మన బరాత్‌లు రాత్రిపూట జరుగుతాయి కాబట్టి ఆ నియమం బగ్గీ గుర్రానికి దాదాపు అక్కరకు రాదు. న్యూయార్క్ నగరంలో ఉష్ణోగ్రత 32 డిగ్రీలు చేరితే బగ్గీ గుర్రాన్ని పనిలో నుంచి తప్పించాలి. మే నెలలో నల్లగొండలో రాత్రి ఎనిమిది గంటలకు కూడా 32కు దిగని రోజులు మనకు కొత్త కావు. ముహూర్తాలు ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే.

మీరు వినతిపత్రంలో జాలి మాటలు తగ్గించి, పరీక్షకు నిలిచే సంగతులు రాయండి. బరాత్ మొదలుకాక ముందు గుర్రం దగ్గరకు వెళ్లి, యజమాని అనుమతితో మెడ పక్కన చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి చూడండి. నీరు చాలినంత తాగిన గుర్రానికి ఆ మడత వెంటనే సర్దుకుంటుంది. నీరు చాలని గుర్రానికి కాసేపు అలాగే నిలబడుతుంది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్లీ ఎర్రదనం రావాలి. తరువాత కళ్లెం ఒరుసుకునే నోటి మూలలూ, పట్టీ బిగించే ఛాతీ కింది భాగమూ, మెడ వీపు కలిసే మూపు ఎత్తూ చూడండి. తళుకుల గుడ్డ కప్పి ఉంచేది చాలాసార్లు అక్కడే. గుడ్డ ఎత్తితే పచ్చిపుండు కనిపిస్తుంది.

ఇంకొకటి, పెళ్లివారు చాలామందికి తెలియదు. గుర్రం వాంతి చేసుకోలేదు. బరాత్ ముగిసిన తరువాత ఎవరో ప్రేమగా పళ్లెం నిండా అన్నమో జిలేబీలో పెడతారు. అలవాటు లేని ఆ పిండి పదార్థం పొట్టలో పులిసి శూల వస్తే, పైకి పోయే దారి లేక కొన్ని గంటల్లో ప్రాణం పోవచ్చు. బతికినా గిట్టల్లో వాపు వచ్చి కుంటిదవుతుంది. తారు రోడ్డు మీద నాడాలు అరిగి, మేకు గుచ్చుకొని ధనుర్వాతం పట్టిన గుర్రాలను కూడా నేను చూశాను. గుర్రానికి ఆ జబ్బు ఇతర పశువులకంటే సులువుగా సోకుతుంది. ఏటేటా వేయించే టీకాతో ఆగిపోయే జబ్బు అది.

మీ మేనమామ గారి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు మేత లెక్క. గుర్రం పాతికేళ్లకు పైగా బతుకుతుంది. రోజుకు తన బరువులో రమారమి 2 శాతం ఎండుమేత కావాలి. 350 కిలోల గుర్రానికి 7 కిలోలు, ఉలవలు అదనం. సంపాదన ఆగిన గుర్రానికి ఇదంతా ఎవరు పెడతారో రాయని నిషేధం ఆ గుర్రాన్ని అమ్మకానికి పెట్టడమే అవుతుంది. కెనడాలోని మాంట్రియల్ నగరం 2019 ముగిసేసరికి బగ్గీలను ఆపినప్పుడు, గుర్రాలు కబేళాకు పోకుండా ఒక్కొక్క దానికి 1,000 డాలర్లు ఇస్తామని యజమానులకు ముందే చెప్పింది. ఆ ఏర్పాటు మంచిదా చాలనిదా అన్నది పక్కన పెట్టినా, గుర్రం ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఆ నగరం కాగితం మీదకు వచ్చింది.

జవాబు 3: కోస్గి నుంచి ముంబయి

మా నాయన కాలం నుంచి మేము ముంబయిలో కట్టడం పనులకు వస్తున్నవాళ్లం. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర వెండిరంగు విక్టోరియాలు వరుసగా నిలబడి ఉండటం మా చిన్నప్పటి సంగతి. తీర్పు వచ్చింది 2015లో. గుర్రాలు లేకుండా బ్యాటరీతో నడిచే విక్టోరియాలను ముఖ్యమంత్రి ప్రారంభించింది 2021 మార్చిలో. నడుమ ఉన్న దాదాపు ఆరేళ్లు బండి తోలేవాళ్లు పరిహారమా, వీధి వ్యాపారం లైసెన్సా అని కార్యాలయాల చుట్టూ తిరిగారు. మనిషి అప్పు చేసి అయినా ఆగగలడు గానీ, గుర్రం మేత లేకుండా వారం కూడా ఆగలేదు కదా అక్కా. అందుకని పునరావాసం డబ్బు ముందు, నిషేధం తేదీ తరువాత అని మీ కాగితంలో ఆ వరుసలోనే రాయించండి.

జవాబు 4: నిషేధమే దారి

ఈ చర్చ మెల్లగా నిషేధం నుంచి నియమాల వైపు జారుతున్నది. న్యూయార్క్‌లో ఏ నియమం లేదు? 32 డిగ్రీల హద్దు, రోజుకు 9 గంటల హద్దు, ఏడాదికి ఐదు వారాలు పచ్చికలో సెలవు, అన్నీ ఉన్నాయి. అయినా 2022 ఆగస్టులో రైడర్ అనే గుర్రం నడిరోడ్డు మీద కూలబడింది; కొన్ని వారాలకు దానికి మరణం ప్రసాదించవలసి వచ్చింది. తోలిన వ్యక్తి మీద పెట్టిన హింస కేసు 2025లో జ్యూరీ ముందు నిలవలేదు. ఐదు వారాల సెలవు ఇచ్చే నగరంలోనే ఇలా ఉంటే, నియమాలు పుస్తకంలోనే ఉండే మన దగ్గర వాటిని నమ్ముకోవడం వృథా. షికాగో 2021 జనవరి 1 నుంచి బగ్గీలను పూర్తిగా ఆపింది. హైదరాబాద్ కూడా అదే చేయాలి, నల్లగొండ సంగతి నల్లగొండ చూసుకుంటుంది.

జవాబు 5: టాంగావాలా కొడుకు, మహబూబ్‌నగర్

నల్లగొండ సంగతి నల్లగొండ చూసుకుంటుందని రాసిన మిత్రుడికి నాదొక మనవి. మా తాత, మా నాన్న మహబూబ్‌నగర్ స్టేషన్ ముందు టాంగా తోలినవాళ్లు. టాంగాను మా ఊళ్లో ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. ఆటోలు వచ్చాయి, బేరం పోయింది, అంతే. చివరి గుర్రాన్ని అమ్మిన రోజున మా నాన్న కొన్నవాడిని ఊరు అడిగాడు, పని అడగలేదు. అడిగినా ఏం చేయగలడు, ఇంట్లో ఉలవలు కొనడానికి డబ్బు లేనప్పుడు? ఇప్పుడు మీరు నిషేధంతో చేయబోయేది కూడా, పని నిలిచిపోయిన పేదవాడి చేతిలో గుర్రాన్ని వదిలిపెట్టడమే.

న్యూయార్క్ మాట ఎత్తారు కాబట్టి అది పూర్తిగా చెప్పండి. బగ్గీలను ఆపుతానని 2013లో ఎన్నికల ముందు మాట ఇచ్చిన మేయర్ 2016లో రాజీ బిల్లు కూడా నెగ్గించలేకపోయాడు, కార్మిక సంఘం తప్పుకోవడంతో. రైడర్ పేరుతో వచ్చిన బిల్లు, అప్పటి మేయరూ సెంట్రల్ పార్కును నిర్వహించే సంస్థా మద్దతు పలికినా, 2025 నవంబరులో నగర మండలి ఆరోగ్య కమిటీలోనే వీగిపోయింది. బండి తోలేవాళ్లు 68 లైసెన్సుల చుట్టూ సంఘం కట్టుకొని నిలబడ్డారు. మన బగ్గీవాళ్లకు సంఘం లేదు కాబట్టి వాళ్లను తేలికగా తీసిపారేయవచ్చని అనుకుంటే, అది వేరే విషయం.

ఇంకొక సందేహం కూడా ఉంది. మలక్‌పేటలో రేసు గుర్రాలు పరుగెత్తుతూనే ఉంటాయి. వాటి మీద మీ వినతిపత్రంలో ఒక్క వాక్యమైనా ఉందా? లేకపోతే బగ్గీవాడు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే. గుర్రం బదులు బ్యాటరీ బగ్గీ కొనుక్కోవడానికి వడ్డీ లేని రుణం ఇప్పించండి, పాత బేరాలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. పెళ్లివారికి కావలసింది లైట్ల బండి. దాన్ని ఏం లాగుతుందన్నది ఫోటోలో పెద్దగా కనిపించదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: నల్లగొండ ఆడబిడ్డ

అందరికీ ధన్యవాదాలు. టాంగావాలా కొడుకు గారు అడిగిన రేసుల ప్రశ్నకు మా బృందంలో ఏకాభిప్రాయం లేదు. ఈ వినతిపత్రాన్ని రోడ్డు మీద వాహనాల మధ్య పనిచేసే గుర్రాలకే పరిమితం చేస్తున్నామనీ, కారణం ఇదనీ అందులోనే రాస్తాము. నిషేధానికి తేదీ కోరే ముందు మూడు పనులు జరగాలని కోరబోతున్నాము: గుర్రాల నమోదు, యజమానులకు బ్యాటరీ బగ్గీ రుణం, పని మానిన గుర్రాలకు మేత ఖర్చుతో సహా ఆశ్రయం. అయితే నమోదు హైదరాబాద్‌లో మాత్రమే జరిగితే, ఆ ముందు రోజే గుర్రాలను ఇటు తోలుకొని వస్తారన్న భయం నాకు ఇంకా ఉంది.

జవాబు 6: పాలమూరు న్యాయవాది

ఆ భయం నిజమే. అందుకని వినతిపత్రాన్ని హైదరాబాద్‌కు మాత్రమే ఇవ్వకండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ కలెక్టర్లకు, జిల్లా జంతు హింస నివారణ సంఘాలకు, పశుసంవర్ధక శాఖకు ప్రతులు ఇచ్చి రసీదు తీసుకోండి. నమోదు అన్ని జిల్లాల్లో ఒకే రోజు మొదలు కావాలని అడగండి. కేసు పెట్టి గుర్రాన్ని స్వాధీనం చేసుకుంటే దాని పోషణ ఖర్చును యజమాని నుంచి రాబట్టడానికి 2017 నాటి కేంద్ర నియమాల్లో వీలుంది. ఆశ్రయం నడిపేవారికి ఈ సంగతి చెప్పండి, లేకపోతే డబ్బు లేదని వారు గుర్రాన్ని తీసుకోరు.

జవాబు 7: విశ్రాంత పశువైద్యుడు, దేవరకొండ

నమోదుకు చెవి పోగులు వద్దు, అవి ఊడదీస్తే ఊడిపోతాయి. మెడలో మైక్రోచిప్ వేయించమని రాయండి. అదే రోజున గ్లాండర్స్ పరీక్షకు రక్తం తీయమని కూడా అడగండి. అది గుర్రం నుంచి మనిషికి సోకే జబ్బు, తేలితే గుర్రాన్ని చంపవలసిందే, కాబట్టి ఈ పరీక్షను ఏ అధికారీ అనవసరమని పక్కన పెట్టలేడు. జిల్లాలో గుర్రాలు ఎన్ని ఉన్నాయో పశుగణనలో దొరుకుతుంది గానీ, వాటిలో బగ్గీకి కట్టేవి ఎన్నో అందులో ఉండదు. అది కావాలంటే ఫంక్షన్ హాళ్లకు బగ్గీలు పంపేవారి దగ్గరకు వెళ్లి అడగాలి. దేవరకొండ, మల్లేపల్లి వైపు నేను అడిగి పెడతాను; నల్లగొండలో మీ మేనమామ గారిని అడగమనండి.