అటెన్‌బరోలందరికీ మూలపురుషుడు ఒక్కడేనా?

వంశవృక్షం:
గాంధీజీ మీద సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, జంతువుల డాక్యుమెంటరీల డేవిడ్ అటెన్‌బరో అన్నదమ్ములని మనలో చాలామందికి తెలుసు. ఆ ఇంటిపేరు ఇంగ్లండులో ఎంత అరుదో అంతగా తెలియదు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో తూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే జన్యుశాస్త్రవేత్తలు 40 బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకుని, 1,678 మంది మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి 2009లో ఫలితాలు ప్రచురించారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, అక్కడ ఇంటిపేరూ అలాగే వస్తుంది. స్మిత్ లాంటి పేరున్నవాళ్ళ మధ్య చెప్పుకోదగ్గ పోలికే కనబడలేదు. అటెన్‌బరోల్లో మాత్రం 87 శాతం మందిది ఒకే రకం. అది కూడా బ్రిటన్‌లో అరుదుగా దొరికే ఇ1బి1బి అనే వై క్రోమోజోమ్ శాఖ.

నా వాదన ఇది. ఆరేడు వందల ఏళ్ళ కిందట నాటింగ్‌హామ్ దగ్గర ఒక్క మనిషికి ఆ పేరు వచ్చింది. ఇవాళ్టి అటెన్‌బరోలు అతని సంతానం. కాదనేవాళ్ళు ఆధారంతో రండి.

చిరుగాలి:
ఇ శాఖ ఆఫ్రికాది కదండీ? అంటే వాళ్ళ మూలం ఆఫ్రికానా?

వంశవృక్షం:
శాఖ పుట్టింది తూర్పు ఆఫ్రికా వైపే కానీ అది వేల ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు మధ్యధరా తీరంలో, బాల్కన్ దేశాల్లో బాగా కనిపిస్తుంది. రోమన్ సైనికులతో బ్రిటన్‌కి వచ్చి ఉండొచ్చని ఒక ఊహ ఉంది. ఇంటిపేర్లు స్థిరపడటానికి అది చాలా ముందు సంగతి, ఈ చర్చకి అడ్డం రాదు.

ట్రెంట్‌వాసి:
నేను నాటింగ్‌హామ్ పక్కనున్న బీస్టన్‌లో ఉంటాను. అటెన్‌బరో ఊరు మాకు పక్కనే, ట్రెంట్ నది ఒడ్డున. కంకర తవ్వి వదిలేసిన గుంటలు చెరువులై, పక్షులు చేరి, అభయారణ్యం అయింది. 1966లో దాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరో గారే. కానీ వాళ్ళ నాన్న ఫ్రెడరిక్ పుట్టింది ఆ ఊళ్ళో కాదు, కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న స్టేపుల్‌ఫర్డ్‌లో. అటెన్‌బరో ఊళ్ళో పుట్టి చరిత్రకెక్కినవాడు హెన్రీ ఐర్టన్, ఇంగ్లండు రాజుని గద్దె దించిన క్రామ్‌వెల్‌కి అల్లుడు. 1611లో అక్కడి చర్చిలోనే బాప్తిస్మం ఇచ్చారు. ఆయన ఇంటిపేరు అటెన్‌బరో కాదు.

దీన్ని పట్టించుకోవాలి. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే మనిషి ఆ ఊరు వదలాలి. ఊళ్ళో అందరూ ఆ ఊరివాళ్ళే అయినప్పుడు ఆ పేరుతో ఎవర్నని పిలుస్తారు? పక్క ఊరికో పట్నానికో పోయినప్పుడే "అటెన్‌బరో నుంచి వచ్చిన జాన్" అవుతాడు. మన వేమూరివారిలో వేమూరు ముఖం చూడనివాళ్ళు ఎంతమంది లేరు? మధ్యయుగాల్లో నాటింగ్‌హామ్ లాంటి పట్టణాలకి వచ్చినవాళ్ళ ఊరిపేర్లని చరిత్రకారుడు పీటర్ మెక్‌క్లూర్ పరిశీలించారు. చాలామంది చుట్టుపక్కల 20 మైళ్ళ లోపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. కాబట్టి అటెన్‌బరో వదిలి పోయినవాడు ఒక్కడే అని నమ్మడం కష్టం. పది మంది పోయి ఉంటారు. పది మందికీ అదే పేరు వచ్చి ఉంటుంది.

ఓరుగల్లు_వీర:
అసలు ఊరి పేరే కాకపోవచ్చు అన్నా. పాత ఇంగ్లీషులో "కోట దగ్గరివాడు" అనే అర్థంతో కూడా ఆ పేరు వస్తుందని చదివాను. కోటలు దేశమంతా ఉన్నాయి. అప్పుడు ఒక్క మూలపురుషుడు అనే మాటే కూలిపోతుంది.

ట్రెంట్‌వాసి:
అలా అయితే పేరు దేశమంతా చెదిరి ఉండాలి. 1881 జనగణన పటం తీసి చూడండి. నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దులో గుమిగూడి ఉంది. అట్టర్‌బరీ లాంటి పేర్లకి మీరు చెప్పింది వర్తిస్తుందేమో కానీ దీనికి కుదరదు.

ఓరుగల్లు_వీర:
1881 అంటే నిన్న మొన్నటి సంగతి. 1381 పటం చూపించండి.

ట్రెంట్‌వాసి:
1381లో పటం ఎవరు గీశారు? పారిష్ రిజిస్టర్లు, అంటే చర్చిలో బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసే పుస్తకాలు, మొదలైందే 1538లో. దానికి ముందు పన్నుల పట్టీలు, కోర్టు కాగితాలు మాత్రమే.

ఓరుగల్లు_వీర:
అదే నేను చెప్పేది. లేని పటంతో వాదిస్తున్నాం.

ట్రెంట్‌వాసి:
లేని పటం గురించి మీరు, ఉన్న పటం గురించి నేను. పేరు ఎలా కదిలిందో చెబుతాను, దాన్నిబట్టి వెనక్కి చూడొచ్చు. 1589లో ఈ జిల్లాలోని కాల్వర్టన్‌లో విలియం లీ మేజోళ్ళు అల్లే మగ్గం కనిపెట్టాడు. తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా ఇక్కడ జనం ఊళ్ళలోనే, ఇళ్ళలోనే అల్లికతో బతికారు. పని ఇంటికే వచ్చినప్పుడు ఊరు వదలాల్సిన అవసరం లేదు. అందుకే అరుదైన పేర్లు ఇక్కడ అంత కాలం గుంపుగా నిలిచాయి. చెదిరింది యంత్రాల లేసు వచ్చాక. లాఫ్‌బరోలో లుడైట్లు అనే యంత్ర వ్యతిరేకులు యంత్రాలు పగలగొడితే లేసు ఫ్యాక్టరీ యజమాని జాన్ హీత్‌కోట్ 1816లో ఫ్యాక్టరీని డెవన్‌లోని టివర్టన్‌కి తరలించాడు, పనివాళ్ళలో కొందరు వెంట నడిచారు. నాటింగ్‌హామ్ లేసు పనివాళ్ళు ఫ్రాన్సులో కాలే పట్టణానికి పోయారు. 1848 విప్లవంలో అక్కడా పని పోతే కొన్ని కుటుంబాలు ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరాయి. ఈ ప్రాంతపు పేర్లు ఆస్ట్రేలియా దాకా పోయిన దారుల్లో అదొకటి. లండన్‌లో అటెన్‌బరోలు పేరున్న తాకట్టు వ్యాపారులు. అక్కడ ఆ పేరు కనబడటానికి ఆ వ్యాపారం ఒక కారణం. ఒక పేరు మ్యాప్ మీద మచ్చలా కనిపిస్తే దాని వెనక రక్తం ఒక్కటే ఉండదు, పని ఉంటుంది.

వంశవృక్షం:
బాగుంది కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. పది మంది ఊరు వదిలితే పది రకాల వై క్రోమోజోములు ఉండాలి. 87 శాతం ఒకే రకం ఎందుకుంది?

లెక్కల_మాస్టారు:
దీనికి 1874లోనే లెక్క కట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ అనే ఇద్దరు, గొప్ప కుటుంబాల పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయనే ప్రశ్నతో. సగటున ఒక్కో మగవాడికి ఒక కొడుకు అనుకోండి. సగటు మాత్రమే. ఒకడికి ముగ్గురు, ఇంకొకడికి అసలు లేరు, ఒకడికి అందరూ ఆడపిల్లలే. ఇలా 20 తరాలు నడిపిస్తే, మొదలైన మగ వంశాల్లో పదింట తొమ్మిది అంతరిస్తాయి. ఎవరి తప్పూ లేదు, కేవలం అవకాశం.

కాబట్టి ట్రెంట్‌వాసి గారు చెప్పినట్టు పది మంది అటెన్‌బరో వదిలి పోయినా, ఇవాళ మిగిలేది ఒక్కరి వంశమే కావచ్చు. 87 శాతం అనే అంకె "ఇప్పుడు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఒకరి సంతానం" అని చెబుతుంది. "మొదట ఉన్నది ఒక్కడే" అని చెప్పదు. ఈ రెండూ వేర్వేరు వాక్యాలు. స్మిత్‌లు వేల మందితో మొదలయ్యారు కాబట్టి పది శాతం మిగిలినా వందల వంశాలు ఉంటాయి. అరుదైన పేరుకి ఆ అవకాశం లేదు.

వంశవృక్షం:
మాస్టారూ, ఫలితం మారలేదు కదా. ఇప్పుడున్నవాళ్ళు ఒకరి సంతానమే అని మీరూ అంటున్నారు. మిగతా 13 శాతం కల్తీ.

పొగడపూలు:
ఆ మాట వెనక్కి తీసుకోండి.

వంశవృక్షం:
ఏ మాట?

పొగడపూలు:
కల్తీ. మనుషుల గురించి రాస్తున్నారు, పాల గురించి కాదు.

చిరుగాలి:
ఆ 13 శాతంలో ఇంకో మూలపురుషుడి వాళ్ళు కూడా ఉండొచ్చు కదా?

లెక్కల_మాస్టారు:
ఉండొచ్చు. ఇంకో కోణం కూడా చూడండి. తరానికి నూటికి ఒక్కరి విషయంలో ఇంటిపేరు ఒక చోట నుంచి, వై క్రోమోజోమ్ ఇంకో చోట నుంచి వచ్చిందనుకోండి. 20 తరాల తర్వాత మొదటి రకం మిగిలేది దాదాపు 82 శాతమే. 87 అంటే చాలా నిలకడగా ఉన్నట్టే. 13 శాతం చూసి ఆశ్చర్యపోవాల్సిన పని లేదు.

వంశవృక్షం:
నేను చెప్పిందీ అదే. తరానికి ఒక శాతం అక్రమ సంతానం.

పొగడపూలు:
అక్రమం అని మీకెవరు చెప్పారు? ఇంగ్లండులో దత్తతకి చట్టమే 1926 దాకా లేదు. అంతకు ముందు తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని మేనమామో పొరుగువారో పెంచేవారు, పిల్లలు పెంచినవాళ్ళ పేరు పెట్టుకునేవారు. ఏ కాగితమూ ఉండదు. పెళ్ళి కాని తల్లికి పుట్టిన బిడ్డకి తల్లి ఇంటిపేరు వచ్చేది, ఆ పేరే మనవలకీ వెళ్ళేది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పిల్లలు మారుతండ్రి పేరుతో పెరిగేవారు. ఇందులో మోసం ఎక్కడుంది?

గొప్పవాళ్ళ ఇళ్ళు చూడండి. నార్తంబర్లాండ్ డ్యూకులు పెర్సీలు. 18వ శతాబ్దంలో హ్యూ స్మిత్‌సన్ అనే ఆయన ఆ ఇంటి ఆస్తికి వారసురాలైన ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకుని పెర్సీ అయ్యాడు. మన ఇల్లరికం లాంటిదే. ఇవాళ్టి పెర్సీల వై క్రోమోజోమ్ స్మిత్‌సన్‌లది. అదే హ్యూకి పెళ్ళి బయట పుట్టిన కొడుకు జేమ్స్ చాలా ఏళ్ళు మేసీ అనే పేరుతో, అంటే తల్లి మొదటి భర్త పేరుతో బతికాడు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ ఆయన ఇచ్చిన డబ్బుతోనే మొదలైంది. సొంత రక్తానికి పేరు రాలేదు, వేరే రక్తానికి వచ్చింది. ఎవరు అసలు, ఎవరు నకిలీ?

మీరు మెచ్చుకున్న తూరీ కింగ్ గారే లెస్టర్‌లో దొరికిన ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ ఎముకల పరీక్ష కూడా చేశారు. పితృవంశంలో రిచర్డ్‌తో చుట్టరికం ఉందని కాగితాల ప్రకారం తేలిన ఐదుగురిని పరీక్షిస్తే ఒక్కరి వై క్రోమోజోమూ రాజుతో కలవలేదు. వాళ్ళ ఐదుగురిలో కూడా ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. రాజుల ఇంట్లోనే అంతైతే, ఒక నాటింగ్‌హామ్ రైతు కుటుంబంలో 87 శాతం నిలిచిందంటే నాకు ముచ్చటగా ఉంది. ఆ మిగతా వాళ్ళని పట్టుకుని కల్తీ అనడమే భరించలేను.

వంశవృక్షం:
ఇంగ్లండు సంగతి అడిగితే మీరు ఇంత కోపం ఎందుకు తెచ్చుకుంటున్నారు?

పొగడపూలు:
నన్ను మా పెద్దమ్మ, పెదనాన్న పెంచుకున్నారు. బడిలో, ఆస్పత్రిలో, ఉద్యోగంలో నాకున్నది వాళ్ళ ఇంటిపేరే. పెళ్ళి శుభలేఖ మీద ఆ పేరు వేయడానికి వీల్లేదని పెదనాన్న దాయాదులు పట్టుబట్టారు. మా రక్తం కాదు అన్నారు. పెదనాన్న వాళ్ళతో మాటలు మానేశారు, పేరు మాత్రం వేయించారు. అందుకే కోపం.

ఓరుగల్లు_వీర:
బాధగా ఉంది అక్కా.

వంశవృక్షం:
మీ బాధ అర్థమైంది. నాదీ వినండి. మా తాత తమ్ముడికి పిల్లలు లేరు. ఆయన పోయాక ఎవరో దత్తత కాగితం పట్టుకొచ్చారు. మా ఇంటిపేరు రాసుకున్నారు, మా గోత్రం చెప్పుకున్నారు. మామిడితోట వాళ్ళకి పోయింది. మా నాన్న ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగి అలసిపోయారు. అప్పటి నుంచి పేరు చెబితే సరిపోదు, ఆధారం కావాలి అంటాను. వై క్రోమోజోమ్ ఎవరూ రాయించుకునే కాగితం కాదు. దానికి సంతకాలు ఉండవు, సాక్షులు ఉండరు. అటెన్‌బరోల మీద ఆ పరిశోధన చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం అదే.

ట్రెంట్‌వాసి:
అయితే మనం ఇంతసేపూ అటెన్‌బరోల గురించి మాట్లాడలేదన్నమాట.

పొగడపూలు:
మాట్లాడాం. వాళ్ళ విషయంలోనూ ప్రశ్న ఇదే. అటెన్‌బరో అనే పేరు ఎవరిది, రక్తం పంచుకున్న 87 మందిదా, పేరు మోసిన నూరు మందిదా? ఆ ఊరికి, ఆ అల్లికలకి, ఆ వలసలకి చెందినవాళ్ళు నూరు మందీ. మేజోళ్ళు అల్లినప్పుడు మగ్గం వై క్రోమోజోమ్ అడగలేదు. వంశవృక్షం గారూ, మీ ఇంటి వంశవృక్షం గీసినప్పుడు దత్తు వచ్చినవాళ్ళని ఎలా రాశారు?

వంశవృక్షం:
చుక్కల గీతతో కలిపాను. వాళ్ళ పిల్లలూ మనవలూ అందరి పేర్లూ ఉన్నాయి, ఒక్కటీ వదలలేదు. తోట తీసుకున్నవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. కానీ గీత మార్చను. రెండూ ఒకటే అని రాస్తే చదివేవాడికి అబద్ధం చెప్పినట్టు.

పొగడపూలు:
ఎలా వచ్చారో రాయండి, దానికి నాకు అభ్యంతరం లేదు. నా పేరు పక్కన పెంపుడు కూతురు అని రాసుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. దాన్ని తక్కువ చేసే మాట మాత్రం వద్దంటున్నాను.

వంశవృక్షం:
కల్తీ అనే మాట ఇక వాడను. మూలపురుషుడు ఒక్కడే అన్న వాదన మాత్రం వదలను.

లెక్కల_మాస్టారు:
ఒక్కడు మిగిలాడు అనండి, చాలు.

చిరుగాలి:
ఆడపిల్లల వంశం ఎవరూ లెక్కపెట్టరా? ఆ 700 ఏళ్ళలో అటెన్‌బరో ఆడపడుచుల సంతానం ఈపాటికి ఇంగ్లండంతా ఉంటారు.

ట్రెంట్‌వాసి:
ఉంటారు, వాళ్ళని ఏ ఇంటిపేరు పటమూ చూపించదు. వచ్చే వారం నాటింగ్‌హామ్‌లోని రికార్డుల కార్యాలయానికి వెళ్తున్నాను. పారిష్ రిజిస్టర్లతో పాటు పాత పేదల చట్టం కింద రాసిన కాగితాలు కూడా ఉంటాయి. పెళ్ళి కాని తల్లుల బిడ్డలకి తండ్రి ఎవరో విచారించి, పోషణ ఖర్చు అతనితో కట్టించేవారు, దానికి పత్రాలు రాయించేవారు. అటెన్‌బరో పేరుతో ఏమైనా దొరికితే వివరాలు రాసి పెడతాను. ఎవరికి ఏ ఏళ్ళవి కావాలో చెప్పండి.

పొగడపూలు:
1750 నుంచి 1834 దాకా, ఆ పేదల కాగితాలే. స్టేపుల్‌ఫర్డ్, బీస్టన్ రెండూ చూడండి.

వంశవృక్షం:
నాకు పెళ్ళిళ్ళ రిజిస్టర్లు. ఎంత పాతవి దొరికితే అంత పాతవి.