ఆఫీసు మార్పు: సర్వర్లన్నీ ఒకే వారాంతంలో తరలించాలా, విడతలుగానా?

కొత్తచోటు:
మా ఆఫీసు నెలాఖరుకి వేరే బిల్డింగ్‌కి మారుతోంది. మేం 60 మందిమి. ర్యాక్‌లో 3 సర్వర్లు, ఒక స్టోరేజ్ బాక్స్, ఫైర్‌వాల్ (బయటి నుంచి ఎవరు రావచ్చో చూసే కాపలా పెట్టె), కంప్యూటర్లని కలిపే స్విచ్‌లు ఉన్నాయి. మెయిల్ క్లౌడ్‌లో ఉంది గానీ, అకౌంట్స్ డేటాబేస్ మా సర్వర్ మీదే నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం అన్నీ ఆపేసి, సోమవారం పొద్దున్నకల్లా అక్కడ మొదలుపెట్టాలని మేనేజ్‌మెంట్ పట్టు. నేను రెండు విడతలుగా వెళ్దామంటున్నాను. ముందు సగం మంది వెళ్తారు, సర్వర్లు ఇక్కడే ఉంటాయి, మధ్యలో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు ఆఫీసుల్నీ కలిపే రహస్య దారి) పెడతాం. రెండు వారాలయ్యాక మిగతావి. ఏదైనా తేడా వచ్చినా సగం మందికైనా పని ఆగదు కదా. నేను ఆలోచించేది తప్పా?

రాత్రిషిఫ్ట్:
నేను మీ మేనేజ్‌మెంట్ వైపే. విడతలు అనగానే భద్రంగా అనిపిస్తుంది, కానీ మీ అకౌంట్స్ డేటాబేస్ సంగతి చూడండి. సర్వర్ అదే బిల్డింగ్‌లో ఉంటే అడిగిన ప్రతిదానికీ ఒక మిల్లీసెకండ్‌లోపే జవాబు వస్తుంది. వీపీఎన్ మీద రానూ పోనూ 20 మిల్లీసెకండ్లు అనుకుందాం. పాత తరహా సాఫ్ట్‌వేర్ ఒక రిపోర్ట్ తీయడానికి డేటాబేస్‌ని ఒకదాని తర్వాత ఒకటిగా వెయ్యిసార్లు అడుగుతుంది. అంటే ఇప్పుడు సెకండులో వచ్చే రిపోర్ట్‌కి అక్కడ 20 సెకండ్లు. ఎంత స్పీడు లైన్ తీసుకున్నా ఇది తగ్గదు, ఎందుకంటే ఇక్కడ ఇబ్బంది దూరంతోనే, లైన్ వెడల్పుతో కాదు.

ఇంకొకటి. రెండు చోట్లా కంప్యూటర్లకి ఒకే 192.168.1 సిరీస్ అడ్రస్‌లు పెడితే వీపీఎన్ మామూలుగా పనిచేయదు. ఏ కంప్యూటర్ ఏ వైపు ఉందో రౌటర్‌కి తెలియదు. దాంతో ఒక వైపు అడ్రస్‌లన్నీ మార్చాలి, మార్చాక ప్రింటర్లు దొరకవు. ఆ రెండు వారాలూ మీరు ఒక్కరే రెండు ఆఫీసుల మధ్య పరుగులు పెడతారు.

పాతకాపు:
రాత్రిషిఫ్ట్ గారూ, మీ లెక్క కరెక్టే. కానీ శనివారం రాత్రి సర్వర్ లేవకపోతే ఏం చేస్తారు? నాకు జరిగిందే చెప్తాను. ఏళ్ల తరబడి కరెంటు తీయని సర్వర్‌ని మేం ఇలాగే ఒకే రాత్రిలో తరలించాం. మదర్‌బోర్డ్ మీద ఉండే బిళ్ల బ్యాటరీ ఎప్పుడో అయిపోయిందట. ప్లగ్‌లో ఉన్నంతకాలం అది బయటపడలేదు. అక్కడికెళ్లి ఆన్ చేస్తే బయోస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ మొదటికొచ్చేశాయి, డిస్కులన్నిటినీ కలిపి వాడే రెయిడ్ మోడ్ పోయింది, బూట్ కాలేదు. గంటలు తంటాలు పడి లేపితే గడియారం ఏళ్ల వెనక్కి ఉంది. లాగిన్‌లని సరిచూసే కెర్బరాస్ పద్ధతిలో మామూలుగా గడియారాల మధ్య 5 నిమిషాలకంటే ఎక్కువ తేడా ఉంటే లాగిన్ ఒప్పుకోదు. పాస్‌వర్డ్‌లు సరిగ్గానే ఉన్నాయి, అయినా ఎవరికీ లాగిన్ అవలేదు. కారణం దొరికేసరికి తెల్లారిపోయింది. ఆ టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే విడతలంటాను.

రాత్రిషిఫ్ట్:
మీరు పడ్డ కష్టం అర్థమైంది. అయితే దానికి మందు విడతలు కాదు. మీ పద్ధతిలోనూ ఆ సర్వర్‌ని ఏదో ఒక రోజు ప్లగ్ తీయాల్సిందే కదా? అదేదో రెండు వారాల ముందే, పాత చోటే చేయాలి. ఒక ఆదివారం అన్నీ వరుసలో ఆపి, కేబుల్ కూడా పీకేసి, గంటాగి మళ్లీ లేపండి. ఆపేటప్పుడు అప్లికేషన్లు, డేటాబేస్, ఆఖర్న స్టోరేజ్. లేపేటప్పుడు స్విచ్‌లు, స్టోరేజ్, డీఎన్ఎస్ (పేరు చెప్తే అడ్రస్ ఇచ్చేది), లాగిన్ సర్వర్, ఆ తర్వాతే మిగతావి. పోయే డిస్క్ ఆ రోజే పోతుంది, చేతిలో టైం ఉంటుంది. దానికి ముందు బ్యాకప్ తీసి వేరే మెషీన్ మీద తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

లెక్కలసెక్షన్:
నేను టెక్నికల్ మనిషిని కాను, అకౌంట్స్‌లో పనిచేస్తాను. "నెలాఖరు" అన్న మాట దగ్గరే నాకు గుండె ఆగినంత పనైంది. జీతాలు, బిల్లులు, బ్యాంకు పనులు అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే ఉంటాయి. ఒకేసారైనా విడతలైనా ఆ తేదీ మార్చండి. బ్యాంకు సైట్‌లో మీ ఆఫీసు ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆఫీసుకుండే నంబరు) నమోదు చేసి ఉంటే అదీ చూడండి. మేం మారినప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, మూడు రోజులు పేమెంట్లు ఆగిపోయాయి. ఇలాంటివి తరలించే ముందు మా సెక్షన్‌ని ఒక్క మాట అడిగితే చెప్తాం.

పాతకాపు:
లెక్కలసెక్షన్ గారు మంచి మాట గుర్తు చేశారు. లైన్ మారితే స్టాటిక్ ఐపీ, అంటే ఆఫీసుకి స్థిరంగా ఇచ్చిన ఐపీ అడ్రస్, మారుతుంది. దాంతోపాటు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల వీపీఎన్, కస్టమర్ల ఫైర్‌వాల్‌లో మన పేరిట ఇచ్చిన అనుమతులు, స్కానర్ నుంచి వెళ్లే మెయిళ్లకి ఎస్‌పీఎఫ్ రికార్డ్ (మన పేరుతో ఏ అడ్రస్ నుంచి మెయిల్ పంపొచ్చో చెప్పేది), అన్నీ మార్చాలి. మీ డీఎన్ఎస్ రికార్డుల టీటీఎల్ (పాత అడ్రస్‌ని ఎన్ని సెకండ్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 86400 అని ఉంటే, మార్చాక కూడా కొందరు ఒక రోజంతా పాత చోటికే వెళ్తుంటారు. రెండు రోజుల ముందే దాన్ని 300కి దించండి.

ముందే ట్రయల్ వేస్తే ఒకేసారి వెళ్లడానికి నాకూ అభ్యంతరం లేదు, ఈ విషయంలో రాత్రిషిఫ్ట్ గారితో ఏకీభవిస్తున్నాను. కానీ కొత్తచోటు గారూ, మీరు చెప్పనిది ఒకటుంది. పాత ఆఫీసు తాళాలు ఎప్పుడు ఇచ్చేస్తున్నారు? సోమవారమే ఇచ్చేసి, పాత ఇంటర్నెట్ లైన్ కూడా అదే రోజు తీయించేస్తే, వెనక్కి రావడానికి దారే ఉండదు. కొత్త చోట లైన్ వచ్చిందా? కొత్త ఫైబర్‌కి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. "వచ్చేస్తుంది" అన్న మాట నమ్మి ట్రక్ పిలవకండి.

కొత్తచోటు:
ఇప్పుడే కనుక్కున్నాను. లైన్‌కి అర్జీ పెట్టారట, ఇంకా ఎవరూ వచ్చి చూడలేదు. తాళాలు నెలాఖరు రోజే ఇవ్వాలి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కూడా రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన రకమే, ఇంటి నుంచి వీపీఎన్‌లో తెరిస్తే నత్తనడకే. కాబట్టి విడతల మాట వదిలేస్తున్నాను. రేపు మీటింగ్‌లో మూడు అడుగుతాను: పాత చోటు ఇంకో రెండు వారాలు ఉంచాలి, కొత్త లైన్ మీద మనం స్వయంగా టెస్ట్ చేశాకే తేదీ ఖాయం చేయాలి, వచ్చే ఆదివారం ట్రయల్‌కి అనుమతి కావాలి. ఆ బిళ్ల బ్యాటరీలు మాత్రం రేపే తెప్పిస్తున్నాను. ట్రయల్‌లో ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.