రోహిణి కార్తెలో ఎండిపోయిన ఫైకస్ బోన్సాయ్ మళ్లీ చిగురిస్తుందా?

కుట్టుమిషన్_కావలి:

అందరికీ నమస్కారం. నేను కావలిలో బ్లౌజులు, స్కూలు యూనిఫారాలు కుడుతుంటాను. మిషన్ పక్కన కిటికీలో ఆరేళ్లుగా ఒక ఫైకస్ బోన్సాయ్ ఉంది, అంటే మర్రి జాతి చెట్టును కుండీలో పొట్టిగా పెంచింది. కడియం నుంచి మొక్కలు వేసుకొచ్చే వ్యాన్ అతని దగ్గర బేరమాడి 1,800కి కొన్నాను. మొదలు దగ్గర చిలగడదుంపల్లా లావు వేళ్లు, పైన రెండు పెద్ద కొమ్మలు. టేపు పెట్టి కొలిస్తే 16 అంగుళాలు.

మే చివర్లో అమ్మాయి పురుడుకని చెన్నై వెళ్లి 11 రోజులు ఉండిపోయాను. పక్కింటి పిల్లాడికి తాళంచెవి ఇచ్చి రోజూ ఒక చెంబు నీళ్లు పొయ్యమన్నాను. ఏడో తరగతి వాడు. కిటికీ ఏమో పడమటి వైపు. రోహిణి కార్తెలో మన దగ్గర పడమటి గాలి ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

వచ్చి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఎడమ కొమ్మ ఆకులన్నీ పసుపెక్కి కింద రాలి ఉన్నాయి. కుడి కొమ్మవి రాలలేదు, వేలాడుతూనే ఎండి అప్పడాల్లా ఉన్నాయి. ముట్టుకుంటే పొడి. కుండీ ఎత్తితే ఖాళీ దారపు కండె అంత తేలిక. పిల్లాణ్ణి నిలదీస్తే, "రోజూ పోశాను ఆంటీ, కింద ప్లేటు నిండిపోతుంటే పారబోశాను కూడా" అంటాడు. నేను నమ్మలేదు, గట్టిగానే తిట్టాను.

ఇప్పుడు ఒకామె నాలుగు డీఏపీ ఎరువు గింజలు వెయ్యమంటోంది. ఇంకొకామె మట్టి మార్చేయమంటోంది. అసలు ఇది బతికుందో లేదో ముందు ఎట్లా తెలుస్తుంది?

ఒంగోలు_మిద్దెతోట:

అమ్మా, ముందు ఆ పిల్లాడికి ఒక ఐస్‌క్రీమ్ కొనిపెట్టండి. వాడు నీళ్లు పోశాడు. చెట్టే తాగలేదు. ప్లేటు నిండిందంటేనే తెలుస్తోంది కదా.

ఈ మొక్కలకు ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు కలిపి గట్టిగా కూరుతారు. ఆరేళ్లకు వేళ్లు అల్లుకుని అది చాపలా అయిపోతుంది. ఒక్కసారి లోపలిదాకా ఎండిందా, ముద్ద మొత్తం కుంచించుకుపోయి కుండీ అంచు దగ్గర సన్నటి సందు పడుతుంది. పైన పోసిన చెంబెడు నీళ్లు ఆ సందులోంచి జారి ప్లేటులోకి వచ్చేస్తాయి. మధ్యలో మట్టి మాత్రం పొడిగానే ఉంటుంది. మీరు ఊళ్లో ఉన్నా జరిగేదే. నాకు 2019 ఎండల్లో ఇట్లాగే ఒక జువ్వి పోయింది. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను, రోజూ నా చేత్తోనే పోశాను.

బతికుందో లేదో చూడటం తేలికే. కొమ్మ చివరి నుంచి మొదలుపెట్టి, గోరుతో బెరడు పైపొర కాస్త గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడిదాకా పోయినట్టు. అట్లా కిందికి వస్తూ ఎక్కడ పచ్చదనం మొదలైందో అక్కడ దారం కట్టండి. మీ దగ్గర సూదులకు కొదవ లేదు కాబట్టి, చెట్టు మొదలు దగ్గర ఒక చోట గుచ్చి కూడా చూడండి. ఫైకస్‌కు పాలు వస్తాయి. చెట్టు ఎండి ఉంది కాబట్టి చుక్కే రావచ్చు, అదీ చాలు. ఆ పాలు కళ్లకు తగలనివ్వకండి, మంట.

ఎడమ కొమ్మ మీద నాకు ఆశ ఉంది. ఆకులు పసుపెక్కి రాలాయంటే చెట్టే వాటిని వదిలించుకుందన్నమాట. ఆకు తొడిమ దగ్గర తెగ్గొట్టడానికి కూడా కొమ్మలో ప్రాణం ఉండాలి. కుడి కొమ్మకు ఆ వ్యవధి దొరకలేదు, అందుకే ఆకులు అట్లాగే అంటుకుపోయి ఎండాయి. దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. టబ్బులో నీళ్లు పోసి కుండీని అంచు మునిగేదాకా దించండి. బుడగలు వస్తాయి. అవి పూర్తిగా ఆగేదాకా తియ్యొద్దు, అరగంట పట్టినా సరే. తీశాక నీళ్లు కారిపోనివ్వండి, ప్లేటులో నిలవనివ్వొద్దు. డీఏపీ జోలికి అసలు పోవద్దు. ఎండిన వేళ్ల దగ్గర ఎరువు ఉప్పులు చేరితే నీళ్లు పీల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది. మట్టి మార్చడం కూడా ఇప్పుడు కాదు. మిగిలిన నాలుగు సన్నవేళ్లూ ఆ పనిలో తెగిపోతాయి.

పచ్చని_చెయ్యి:

చెంచాడు ఎప్సమ్ సాల్ట్ కలిపి పోయండి అక్కా, రెండు రోజుల్లో లేచి కూర్చుంటుంది. నాకు గులాబీలకు బాగా పనిచేసింది.

ఒంగోలు_మిద్దెతోట:

తమ్ముడూ, అది మెగ్నీషియం లోపానికి. ఇక్కడ లోపం నీళ్లది.

గూడూరు_నిమ్మ:

నాకు బోన్సాయ్ తెలియదు కానీ చెట్టును ఎండబెట్టడం బాగా తెలుసు. మేము నిమ్మకు పూత కోసం కావాలనే నీళ్లు ఆపి వాడబెడతాం. ఆకు వడిలి కొంచెం రాలేదాకా ఆగి, తర్వాత మొదట పలచగా ఒక తడి, కొన్నాళ్లకు ఇంకో తడి ఇస్తాం. ఒక్కసారిగా నీళ్లు నింపితే చెట్టు తట్టుకోలేదు. అందుకని అరగంట ముంచడం అంటే నాకు భయంగా ఉంది మాస్టారూ.

ఇంకో మాట. కావలి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లగా పొర కడుతుంది. అట్లా ఉంటే ఆ పైపొర గీకేసి, తాగే క్యాన్ నీళ్లు వాడండమ్మా.

ఒంగోలు_మిద్దెతోట:

మీ భయం న్యాయమైనదే అన్నా. అయితే తోటలో వేరు పొలం అడుగున ఎక్కడో తడి వెతుక్కుంటుంది. ఈ కుండీ నాలుగంగుళాల లోతు కూడా ఉండదు, అందులో పలచని తడి ఇస్తే పిల్లాడు పోసినట్టే సందులోంచి పోతుంది. కాబట్టి ముంచడం ఒక్కసారే. ఆ తర్వాత మీరన్నదే కరెక్ట్. ఆకు లేని చెట్టు నీళ్లు చాలా తక్కువ తాగుతుంది. జాలిపడి రోజూ పోస్తే మిగిలిన వేళ్లు కుళ్లుతాయి. వేలు అంగుళం లోతుకు గుచ్చి, పొడి తగిలితేనే పొయ్యాలి. ఉప్పునీళ్ల మాట నాకు తట్టలేదు, మంచిది చెప్పారు.

అమ్మా, చెట్టును ఆ పడమటి కిటికీలోంచి తీసి, వెలుతురుండి ఎండ పడని చోట పెట్టండి. పైన పారదర్శకంగా ఉండే కవరు వదులుగా కప్పి, రెండు మూడు చిల్లులు పెట్టండి. లోపల తేమ నిలుస్తుంది. ఎండలో మాత్రం కప్పొద్దు, ఉడికిపోతుంది.

కుట్టుమిషన్_కావలి:

చేశానండీ. మట్టి మీద తెల్లపొర నిజంగానే ఉంది, పాత టూత్‌బ్రష్‌తో తీసేశాను. క్యాన్ నీళ్లలో ముంచితే బుడగలు ఆగడానికి 40 నిమిషాలు పట్టింది. అంతసేపూ పిల్లాడు టబ్బు పక్కనే కూర్చున్నాడు. "చూశావా ఆంటీ" అని నోటితో అనలేదు కానీ, ముఖం నిండా అదే. పట్టుచీరలకు వచ్చే కవరు కప్పాను.

గీకి చూస్తే కుడి కొమ్మ మొదలుదాకా గోధుమరంగే. ఎడమ కొమ్మ చివర నాలుగంగుళాలు పోయింది, అక్కడి నుంచి పచ్చగా ఉంది. ఎర్ర దారం కట్టాను. చెట్టు మొదలు దగ్గర 16 నంబరు మిషన్ సూదితో గుచ్చితే కాసేపటికి ఆవగింజంత పాలచుక్క వచ్చింది. ఆ రోజు యూనిఫారాల పని ముందుకు సాగలేదు.

కుట్టుమిషన్_కావలి:

ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మూడు వారాలు ఏ కదలికా లేదు. పారేద్దామని రెండుసార్లు వాకిట్లోదాకా తెచ్చాను కూడా. పోయిన మంగళవారం ఎర్రదారం కింద, వేరు ముదిరిన చోట కూడా, సూదిమొనల్లాంటి మొగ్గలు ఏడు లెక్కపెట్టాను. ఇవాళ్టికి రెండు ఆకులు విచ్చుకున్నాయి. కవరు తీసేయవచ్చా? ఎండిన కుడి కొమ్మ కొయ్యమంటారా?

ఒంగోలు_మిద్దెతోట:

శుభం. కవరు ఒక్కసారిగా తియ్యొద్దు. రోజుకో చిల్లు పెంచుతూ పది రోజుల్లో తీసేయండి. కుడి కొమ్మను ఇప్పుడు ముట్టుకోవద్దు, కొత్త ఆకులు ముదిరాక చిన్న మోడు వదిలి కొయ్యండి. ఎరువు అప్పుడే, అదీ చెప్పిన మోతాదులో సగం. మట్టి మార్చడం వచ్చే ఏడాది ఎండలు ముదరకముందు చూద్దాం. మళ్లీ ఊరెళ్లాల్సి వస్తే పిల్లాడికి చెంబు కాదు, టబ్బు చూపించి వెళ్లండి.

కుట్టుమిషన్_కావలి:

వాడే ముంచుతున్నాడండీ ఇప్పుడు. బుడగలు నేను లెక్కపెడితే ఒప్పుకోవడం లేదు.