క్వీర్ జంటలకు విడిగా ‘క్వీర్ అఫర్మేటివ్’ థెరపిస్టు కావాలా, మంచి కౌన్సెలర్ ఎవరైనా చాలా?

వేలచ్చేరి నెల్లూరోడు:
మేమిద్దరం మగవాళ్లం, చెన్నైలో కలిసి ఉంటున్నాం. మా ఇంట్లో తెలుసు, గుంటూరులో వాళ్లింట్లో తెలియదు. వాళ్లమ్మగారు వీడియో కాల్ చేసినప్పుడల్లా నేను పక్క గదిలోకి వెళ్లిపోవాలి. గొడవ అక్కడ మొదలై కరెంటు బిల్లు దాకా పోతోంది. థెరపీకి వెళ్దామని ఇద్దరం ఒప్పుకున్నాం. క్వీర్ అఫర్మేటివ్ అన్నవాళ్ల దగ్గరికే, అంటే మాలాంటి బంధాలను తప్పుగా చూడకుండా, వాటి ఇబ్బందులు తెలిసి సాయం చేసేవాళ్ల దగ్గరికే వెళ్దామని నేనంటున్నాను. మా వీధి చివర అనుభవమున్న పెద్దావిడ ఉన్నారు, ఆవిడ చాలంటున్నాడు తను. మీరేమంటారు?

మైలాపూర్ మాస్టారు:
మీ వాడన్నదే సబబుగా ఉంది బాబూ. అలకలు, డబ్బు, పెద్దవాళ్లు... ఏ జంటకైనా ఇవేగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్‌నే చూడండి. 2021లో మదురై నుంచి ఇల్లు వదిలి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు ఆయన ముందుకొచ్చింది. ఈ విషయం తనకు సరిగ్గా తెలియదని ఒప్పుకుని, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నాకే తీర్పిచ్చారు. మనసుంటే ఎవరైనా నేర్చుకుంటారు. వేరే ముద్ర దేనికి?

పెరంబూర్ అక్క:
మాస్టారూ, మీ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. జడ్జిగారు నేర్చుకోవడానికి ఇంకొకరి దగ్గరికి వెళ్లారు. ఆ అమ్మాయిల చేత పాఠం చెప్పించుకోలేదు. మేం మొదట వెళ్లిన కౌన్సెలర్ మంచి మనిషే, కానీ గంటలో ముప్పావు వంతు ఆవిడ సందేహాలు తీర్చడానికే సరిపోయింది. ఎప్పటి నుంచి ఇలా, చిన్నప్పుడేమైనా జరిగిందా, మీలో భర్త ఎవరు... ఫీజు కట్టి మరీ జవాబులు చెప్పుకున్నాం.

మేం వెళ్లిన పని వేరు. నా భాగస్వామి తల్లికి ఆపరేషన్ అయిన రోజు నేను ఆసుపత్రి వరండాలో ‘ఫ్రెండ్’గా నిలబడితే, తను నావైపు చూడకుండానే వెళ్లిపోయింది. ఆ రాత్రి నుంచి మాకు మాటల్లేవు. తర్వాత దొరికిన థెరపిస్టు మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, “మీ సంగతి తెలిసినవాళ్ల పేర్లు రాయండి, తెలియనివాళ్లకు తెలిస్తే ఏం పోతుందో కింద రాయండి” అన్నారు. నా కాగితంలో పేర్లకే చోటు చాల్లేదు. తను మూడు పేర్లు రాసి, కింద మాత్రం ఉద్యోగం, చెల్లెలి పెళ్లి, నాన్న బీపీ అంటూ రాసుకుంటూ పోయింది. నేనంటే సిగ్గనుకున్నాను ఇన్నాళ్లూ. అది భయం. ఆ కాగితం ఇవ్వాలని తెలియడానికి మంచి మనసొక్కటే చాలదండీ.

అన్నానగర్ కౌన్సెలర్:
అక్కతో నాది ఒకే మాట, కాకపోతే ఒక హెచ్చరిక. అఫర్మేటివ్ అంటే అన్నిటికీ తలూపడం కాదు. ప్రతి గొడవనూ సమాజం మీదికి తోసేసి, ఒకరు ఇంకొకరి ఫోను తనిఖీ చేస్తుంటే పట్టించుకోని వాళ్లనూ చూశాను. అది జంటకు ద్రోహం. మీ బంధం సరైనదా కాదా అన్న చర్చ అక్కడ ఉండదు కాబట్టే, మీరు ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారని గట్టిగా అడగడానికి వీలుంటుంది.

బోర్డు మీద ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టునంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉందా అని అడగండి. ఈ శిక్షణ ఎక్కడ తీసుకున్నారో కూడా అడగండి. ముంబయిలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ లాంటి చోట్ల నేర్పిస్తున్నారు. ‘మీ ఆకర్షణను మార్చేస్తాం’ అంటే అక్కడే లేచి వచ్చేయండి. మాస్టారు చెప్పిన కేసులోనే 2021 జూన్ 7న అలాంటి ‘వైద్యాన్ని’ నిషేధించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది.

ఇంకొకటి. పెళ్లి హక్కు లేదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పాక, “మన సంగతి ఎక్కడికి పోతోంది?” అన్న ప్రశ్న ఈ జంటలను మరీ తినేస్తోంది. జాయింట్ ఖాతా తెరవడానికి, ఆ ఖాతాకు భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. నా దగ్గరికొచ్చే జంటల్లో ఆ నామినీ పేరు దగ్గరే మనసులో మాటలు బయటపడతాయి. ఇది తెలియని థెరపిస్టు ఆ మాట ఎత్తనే ఎత్తరు.

మైలాపూర్ మాస్టారు:
జడ్జిగారి విషయంలో అక్క మాట ఒప్పుకుంటాను. కానీ ఒంగోలులోనో కర్నూలులోనో ఉన్నవాళ్ల మాటేమిటి? ముద్ర ఉన్నవాళ్లు దొరికే దాకా ఆగమంటారా? నేర్చుకునే మనసున్న మామూలు కౌన్సెలర్ వాళ్లకు నయం కాదా?

పెరంబూర్ అక్క:
ఆగమనను. ఆన్‌లైన్‌లో చూసుకోమంటాను. తెలుగులో మాట్లాడేవాళ్లు తక్కువే, అది నిజంగా పెద్ద లోటు. కోపమొస్తే తెలుగులో అరుచుకునే మేం, అక్కడ ఇంగ్లిషులో మర్యాదగా చెప్పుకుంటాం.

వేలచ్చేరి నెల్లూరోడు:
ఇవన్నీ తనకు చదివి వినిపించాను. తన భయం ఇప్పుడు బయటపెట్టాడు. అఫర్మేటివ్ వాళ్లయితే “మీ అమ్మకు చెప్పేయ్” అని ఒత్తిడి చేస్తారేమోనట.

అన్నానగర్ కౌన్సెలర్:
చేయకూడదు. చెప్పడం, చెప్పకపోవడం ఆయన ఇష్టం. తొందరపెడితే ఆ థెరపిస్టును మార్చండి. కానీ ఆయన ఎప్పటికీ చెప్పకపోతే మీరు ఉండగలరా అన్న ప్రశ్న మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. ఆయన పక్కనే కూర్చుని ఉండగా దానికి జవాబు చెప్పాల్సింది మీరే.