ఆపరేషన్ తర్వాత మలబద్ధకం, కుట్లంటే భయం

ప్రశ్న: గర్భసంచి జారిందని ఆపరేషన్ చేశారు, ఇవాళ్టికి 6వ రోజు. 4 రోజులుగా మోషన్ లేదు. కూర్చోగానే కుట్లు ఊడతాయేమోనని కాళ్లు వణుకుతున్నాయి, లేచి వచ్చేస్తున్నాను. మీరెలా గట్టెక్కారు?

జవాబు: అక్కా, అస్సలు ముక్కవద్దు. నాకు నొప్పికిచ్చిన ట్రమడాల్ వల్లే బిగుసుకుపోయింది. డాక్టర్ అది తగ్గించి లాక్టులోజ్ సిరప్ రాశారు, పనిచేయడానికి 2 రోజులు పట్టింది. పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటికన్నా ఎత్తులో ఉంచి, ముందుకు వంగండి. నేనైతే శుభ్రమైన ప్యాడ్ మడిచి కుట్ల దగ్గర చేత్తో మెల్లగా అదిమి పట్టుకునేదాన్ని. ఆ ఆసరాతోనే నా భయం పోయింది.

మరో జవాబు: ఐరన్ మాత్రలు వాడుతున్నారా? వాటితోనూ గట్టిపడుతుంది. సర్జన్‌ని అడగకుండా ఎనిమా (మలద్వారం గుండా మందు ఎక్కించడం) వద్దు. కడుపు ఉబ్బి వాంతులైతే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: ఐరన్ వాడుతున్నానండీ! ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నాను.